వంతు లేని మిషను

పొద్దున వచ్చి కూర్చున్న పుల్లమ్మ ఎండ నడినెత్తికి వచ్చినా లేవలేదు. తమ్ముడి పెళ్లాం జంపక్క ఇచ్చిన నీళ్ల సొరబుర్ర ఆమె పక్కన నిండుగా అట్లాగే ఉంది.

తమ్ముడు పగిడయ్య ఇంటికి వస్తే నేరుగా పొయ్యి దాకా పోయి కుండ మూత తీసి చూసే మనిషి ఆమె. ఇవాళ చూరు కింద, ఇప్పపువ్వు ఆరబోసిన చాప అంచున కూర్చుంది. రమ్మంటే లోపలికి రాలేదు.

ఆమె తల పైన వాసానికి పసుపుపచ్చ టోపీ వేలాడుతోంది. గట్టి ప్లాస్టిక్కు టోపీ. నిన్న కంపెనీలో పగిడయ్యకు ఇచ్చారు. గాలికి కొంచెం కొంచెం తిరుగుతోంది. పుల్లమ్మ దాని వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికే మెడ వంచుకున్నట్టుంది.

"నీళ్లన్న తాగు వదినె. పొద్దటి సంది గట్లనే ఉన్నవ్," అంది జంపక్క పువ్వు తిరగేస్తూ.

"ఆపరేటరు ఇంటి నీళ్లు మాకెందుకు."

ఆ మాట తెలుగులో అంది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది కోయ మాట. తెలుగు సంతలో, కంపెనీలో, దవాఖానాలో మాట్లాడేది. పొద్దుటి నుంచి పుల్లమ్మ నోట ఒక్క కోయ మాట రాలేదు. అడిగినదానికల్లా తెలుగులోనే జవాబు చెబుతోంది, పరాయి వాళ్లకు చెప్పినట్టు.

పగిడయ్య గోడ వారన కూర్చుని తడిక కోసం వెదురు చీలుస్తున్నాడు. అక్క తిట్టినా ఇంత కష్టం ఉండేది కాదనుకున్నాడు. తిట్లు ఆమెకు కోయలోనే వస్తాయి.

"నా మొగని పేరు చెప్పింది ఎవరు?" అంది పుల్లమ్మ, వాకిట్లోకి చూస్తూ.

"నేనే."

"పేరు చెప్తే దవాఖానాకు తోలుతరని, చెయ్యి చూస్తరని తెల్వదా?"

"తెల్వదు."

"బడికి పోయినోనివి నువ్వు. మీ బావ పోలే."

పగిడయ్య కత్తి వెదురులో కణుపు దగ్గర ఆగింది. బలంగా ఒత్తాడు.

"ఆయన చెడు కోరి చెప్పిండా వదినె?" అంది జంపక్క. "తన పేరు తను చెప్పుకోవచ్చు గదా. చెప్పుకున్నడా?"

"చెప్పుకుంటే మంచిగుండేది. నా మొగడు హెల్పరుగనన్న ఉండేటోడు. ఇప్పుడు ఏదీ గాడు."

అది నిజం. జంపక్క చేతులు చాప మీద ఆగిపోయాయి.

* * *

కాగితం కంపెనీలో వెదురును ముక్కలు కొట్టే మిషను షెడ్డులో పనివాళ్లు ఐదుగురు. పగిడయ్య, అతని బావ, పుల్లమ్మ మొగుడు పోతయ్య, లంబాడి తండా నుంచి వచ్చే భద్రు, ఇంకో ఇద్దరు. ఒకరు మిషను నోట్లోకి బొంగులు తోయాలి. ఇద్దరు మోసుకు రావాలి. ఒకరు ముక్కలు లాగాలి. ఒకరు ఊడ్వాలి.

ఎవరి పని ఏదని వాళ్లు ఎన్నడూ అనుకోలేదు. ఊళ్లో పోడు కొట్టినా, రాత్రిళ్లు చేను కాసినా వంతులే. ఇక్కడా వంతులే పెట్టుకున్నారు. సోమవారం పొద్దున వంతు దిగేవాడు మొదటి బొంగును తన చేత్తో ఎక్కేవాడికి అందించి, "నా వంతు అయింది, పట్టు" అనేవాడు. ఎక్కేవాడు "పట్టిన" అని అందుకునేవాడు. ఆ మాట పడ్డాకే స్విచ్చి వేసేవాళ్లు. కంపెనీ వాళ్లకు అది నవ్వులాట. వీళ్లకు మాత్రం ఆ మాట పడకపోతే చెయ్యి ఆడదు.

ఎండాకాలం మొదట్లో పట్నం నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఇక నుంచి ప్రతి పనికీ మార్కులు, మార్కులను బట్టి గ్రేడు, గ్రేడును బట్టి జీతమూ ప్రమోషనూ అన్నాడు. మనిషిని మనిషిని పిలిచి అడిగాడు.

"మిషను ఎవరు నడుపుతారు?"

"అందరం."

"మిషనుకు బాధ్యత ఎవరిది?"

"అందరిది."

ఐదుగురూ ఒకే మాట చెప్పారు. ఐదుగురూ హెల్పర్లయ్యారు. ఆపరేటరుకు పైన సీనియరు ఆపరేటరు, ఆ పైన ఛార్జిహ్యాండు, ఆ పైన ఫోర్‌మను ఉన్నాయి. హెల్పరుకు పైన ఏమీ లేదు. చేరిన నాడు హెల్పరు, దిగిపోయే నాడు హెల్పరు.

యూనియను కొట్లాడితే కంపెనీ కొంచెం దిగింది. ఒక మిషనుకు ఒక ఆపరేటరు. పేరు మీరే చెప్పండి అంది. మిగతా నలుగురూ పగిడయ్య ముఖం చూశారు. పగిడయ్య పోతయ్య పేరు చెప్పాడు.

పోతయ్య కుడిచేతి చిటికెన వేలూ దాని పక్క వేలూ ఆ మిషనే తిన్నది. వాళ్ల ఊళ్లో వేటకు పోతే, పంది కోర ఎవరికి తగిలితే వాడికి మొదటి వాటా పెడతారు. ఎవరు కొట్టారన్నది తర్వాత. పగిడయ్య అంతకు మించి ఆలోచించలేదు. షెడ్డులో ఎవరూ ఆలోచించలేదు. అందరూ అవ్ అన్నారు.

ఆపరేటరు అంటే పరీక్ష ఉంటుంది. కంపెనీ డాక్టరు పోతయ్య చెయ్యి పట్టుకుని చూశాడు. పిడికిలి బిగించమన్నాడు. ఇనుప కడ్డీ ఎత్తమన్నాడు. ఆ చేత్తోనే పోతయ్య ఇన్నాళ్లూ వంతు వచ్చినప్పుడల్లా బొంగులు తోశాడని ఎవరూ చెప్పలేదు. అడగలేదు గనుక చెప్పలేదు.

మిషనుకు పనికిరాడని రాశారు. బరువు మోయడానికీ పనికిరాడని కిందనే ఇంకో ముక్క రాశారు. పసుపు టోపీ పగిడయ్యకు వచ్చింది.

* * *

మధ్యాహ్నం దాటాక బసవపున్నయ్య సైకిలు మీద వచ్చాడు. కంపెనీ ఆఫీసులో గుమాస్తా. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అశ్వారావుపేట దగ్గర భూములు కొన్న కుటుంబం. చెమట తుడుచుకుంటూ నులకమంచం మీద కూర్చున్నాడు.

"ఆదివారం పూట కూడా నీ ఇల్లు వెతుక్కుంటూ రావాల్సి వచ్చిందయ్యా పగిడయ్యా. రేపు సైరను కల్లా మాట చెప్పాలి నువ్వు."

"ఏం మాట సారూ?"

"నీ బావ సంగతే. ఒక్క దారి ఉంది. ఆపరేటరు తన కింద ఒక హెల్పరును తను అడిగి పెట్టుకోవచ్చు. నువ్వు అడిగితే ఊడ్చే పనికి పోతయ్యను ఒప్పుకుంటామన్నారు మేనేజరు గారు. నీ పూచీ మీద."

పుల్లమ్మ తల ఎత్తింది. "ఎవరి కింద సారూ?"

బసవపున్నయ్య మళ్లీ చెమట తుడుచుకున్నాడు. "మీ తమ్ముడి కిందనేనమ్మా."

చాప మీద ఇప్పపువ్వు ఎండకు కమ్మగా వాసన వేస్తోంది. మేక ఒకటి వచ్చి మూతి పెడితే జంపక్క చేత్తో తోసింది.

"ఇంకో సంగతి," అన్నాడు బసవపున్నయ్య. "మిషను మీద మాత్రం పోతయ్య చెయ్యి పడకూడదు. బొంగు అందించినా సరే. చూశారంటే అతనికి అదే ఆఖరు. పూచీ పడ్డ నీక్కూడా."

"టోపీ నాకొద్దంటే?"

"వద్దంటే ఐటీఐ చదివిన కుర్రాణ్ణి బయటి నుంచి తెస్తారు. వాడు ఎవణ్ణో పెట్టుకుంటాడు. పోతయ్య వాడికేమవుతాడు?"

"మునుపటి లెక్కన వంతుల మీద చేసుకుంటం సారూ. గ్రేడే వద్దు మాకు."

"ఆ వంతులే కదయ్యా కొంప ముంచింది. బాధ్యత ఎవరిదంటే అందరిదీ అన్నారు మీరు. అందరిదీ అంటే ఆ గడిలో సున్నా వేశాడా పట్నం ఆఫీసరు. ఒక్కడన్నా నాది అని ఉంటే మార్కులు పడేవి."

"ఒక్కనిది గాదు గదా సారూ, నాదనేటందుకు."

బసవపున్నయ్య అతని వైపు చూసి, చూపు సైకిలు మీదికి తిప్పుకున్నాడు. "నాకూ వేశారులే గ్రేడు. నేను పని నేర్పిన కుర్రాడు ఇప్పుడు నా పైన సంతకం పెడుతున్నాడు. పొద్దున వాడికి నమస్కారం పెడుతున్నా. ఏం చేస్తాం?"

జంపక్క మజ్జిగ తెస్తానంది. వద్దన్నాడు. సైకిలు ఎక్కుతూ వెనక్కి తిరిగి, "మాట చెప్పు, మర్చిపోకు. రేపు సైరను తర్వాత నా చేతుల్లో కూడా ఉండదు," అన్నాడు.

అతను మలుపు తిరిగేదాకా ముగ్గురూ చూశారు.

"అడుగు," అంది జంపక్క మొగుడితో.

"అడగొద్దు," అంది పుల్లమ్మ.

"అడగకపోతే ఏం తింటరు వదినె? మీ పోడు జాగల కంపెనీ వెదురు కుప్పలున్నయి. భూమికి బదులని ఇచ్చిన పని గది. అదీ పోతే మిరప కోతలకు పోతరా? ఆ చేత్తో ఎన్ని కోస్తడు?"

"నీకు టోపీ కావాలె. గది చెప్పు ముందు."

జంపక్క లేచి నిలబడింది. చేతికంటిన పువ్వు దులుపుకుంది.

"అవ్, కావాలె. అబద్ధమెందుకు? నా మొగడు బొంగులు మోసి మోసి నడుం వంగి సచ్చుడు నాకిష్టం లేదు. కావాల్నంటే తప్పా?"

"తప్పని ఎవరన్నరు?" అంది పుల్లమ్మ నిదానంగా. "మంచిగ పెట్టుకోండ్రి. మా కళ్ల ముందట పెట్టుకోకుండ్రి."

* * *

పొద్దు వాలుతుండగా పోతయ్య పెళ్లాన్ని వెతుక్కుంటూ వచ్చాడు. పొడుగు మనిషి. దూరం నుంచే నవ్వుతూ వస్తాడు. ఇవాళా నవ్వుతూనే వచ్చాడు.

"ఏందే, ఈడనే కాపురం పెట్టినవా? ఇంట్ల పొయ్యి నన్ను చూసి ఏడుస్తున్నది."

పోతయ్య వాసానికి ఉన్న టోపీ చూశాడు. వేళ్లు లేని చేత్తోనే దాన్ని తీశాడు. మూడు వేళ్ల మధ్య అది జారబోతే రెండో చెయ్యి అడ్డం పెట్టాడు.

"గడ్డపారకు టోపీ పెట్టినట్టుంటవ్ బామ్మర్దీ నువ్వు. గిది నా అసుంటోనికి ఉండాలె."

తల మీద పెట్టుకున్నాడు. చెవుల దాకా దిగింది. నడుం మీద చేతులు పెట్టి ఫోర్‌మను నిలబడ్డట్టు నిలబడ్డాడు.

"ఎట్లున్న చెల్లె?"

జంపక్కకు నవ్వు వచ్చింది. ఆపుకోలేక నవ్వింది. పుల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందనుకున్నాడు పగిడయ్య. భుజాలు చూశాక కాదని తెలిసింది.

పోతయ్య కూడా చూశాడు. టోపీ తీసి మళ్లీ వాసానికి తగిలించాడు. ఒకసారికి పడలేదు. రెండోసారి తగిలించాడు.

బావా బామ్మర్దులు గోడ వారన కూర్చున్నారు. పోతయ్య చీల్చిన వెదురు బద్ద ఒకటి తీసుకుని వంచి చూశాడు.

"నా పేరెందుకు చెప్పినవ్ పగిడీ?" కోపం లేకుండా అడిగాడు.

"కోర తగిలినోనిది గదా బావా మొదటి వాటా."

పోతయ్య చాలాసేపు బద్దను వంచుతూ, వదులుతూ కూర్చున్నాడు.

"చచ్చిపడ్డ పందికి పంచుతం రా వాటాలు. గిది బతికున్నది."

పగిడయ్య కత్తి కింద పెట్టాడు. బసవపున్నయ్య చెప్పినదంతా జంపక్కే చెప్పింది. పోతయ్య తల ఊపుతూ విన్నాడు. మొత్తం విన్నాక కూడా తల ఊపుతూనే ఉన్నాడు.

"ఊడ్చుడు నీకు కొత్త గాదు గదన్నా," అంది జంపక్క చివరికి.

"కొత్త గాదు. ఐదు వారాలకోసారి ఊడ్చిన. నా వంతుకు నేను ఊడ్చుడు వేరు చెల్లె. నా వంతే లేకుంట ఊడ్చుడు వేరు."

"పేరుకే బావా," అన్నాడు పగిడయ్య. "మనిద్దరి నడుమ గవన్నీ ఏముంటయ్?"

"ఏముండవు. నువ్వు పిలుస్తవు, నేను వస్త. ఒకనాడు నేను లేటయిత. ఎందుకు లేటయిందని నువ్వు అడుగుతవు. అడగకపోతే నిన్ను అడుగుతరు. గప్పుడు ఏముంటదో నువ్వే చెప్పు."

పగిడయ్య వాసానికి ఉన్న టోపీ వైపు చూశాడు.

"నేను పోత ఆఫీసుకు. టోపీ వాపసు ఇస్త," అన్నాడు.

"ఇచ్చి? ఎవడో వచ్చి మన మిషను మీద నిలబడితే నేను సంబరపడాల్నా? పెట్టుకో. నీ తలకాయ గట్టిది, ఆగుతది." పోతయ్య నవ్వబోయాడు. నవ్వు పూర్తిగా రాలేదు.

"మరి రేపు వస్తవా బావా?"

పోతయ్య లేచి పంచె దులుపుకున్నాడు.

"రాడు," అంది పుల్లమ్మ.

ఆమె లేచింది. నీళ్ల బుర్ర అట్లాగే నిండుగా ఉంది. కాలికి తగలకుండా పక్కకు జరిపి అడుగు వేసింది. వాకిట్లో పడుకున్న కుక్క తోక ఆడిస్తూ వెంట పడింది. ఆమె ఆగి, దాన్ని కోయలో కసిరి వెనక్కి తోలింది.

ఆ పూట ఆ వాకిట్లో ఆమె నోట వచ్చిన కోయ మాట అదొక్కటే.

* * *

సోమవారం సైరను మోగకముందే పగిడయ్య పసుపు టోపీ పెట్టుకుని షెడ్డుకు పోయాడు. ఆఫీసు గుమ్మంలో బసవపున్నయ్య కనిపిస్తే, "బావను అడుగుతున్న సారూ, నా పూచీ," అన్నాడు. ఆ మాట అనడానికి దారి పొడుగునా నాలుక తడుపుకుంటూ వచ్చాడు. బసవపున్నయ్య రాసుకుని, "వస్తాడా మరి?" అన్నాడు. పగిడయ్య తెలియదన్నాడు.

షెడ్డులో భద్రు, మిగతా ఇద్దరూ హెల్పర్ల నీలం టోపీలు పెట్టుకుని నిలబడి ఉన్నారు. రోజూ పగిడయ్య కనిపించగానే బీడీ అడిగే భద్రు ఇవాళ అడగలేదు. నిలబడ్డ చోటి నుంచి కొంచెం పక్కకు జరిగాడు. దారి ఇస్తున్నాడని అర్థం కావడానికి పగిడయ్యకు కొంచెంసేపు పట్టింది.

"ఏంది భద్రూ గట్ల జరిగినవ్?"

"ఏం లే."

పోతయ్య వచ్చాడు.

నీలం టోపీ పెట్టుకుని వచ్చాడు. నవ్వుతూ రాలేదు. ఎవరి వైపూ చూడకుండా మూలకు పోయి చీపురు తీసుకున్నాడు. దాని కట్టు బిగించుకుని పగిడయ్య ముందుకు వచ్చి ఆగాడు.

"ఆపరేటరు గారూ, ఏడికెంచి ఊడ్వమంటరు?" అన్నాడు తెలుగులో.

భద్రు నవ్వబోయాడు, ఎప్పటి ఎగతాళే అనుకుని. పోతయ్య ముఖం చూసి నోరు మూసుకున్నాడు. అది ఎగతాళి కాదు. పోతయ్య నిజంగానే జవాబు కోసం నిలబడి ఉన్నాడు.

"బావా," అన్నాడు పగిడయ్య.

"ఏడికెంచి ఊడ్వాలెనో చెప్పండ్రి."

"నీకు తెల్వదా బావా?"

"తెలిసినా అడగాలెనంట గదా. రాత్రి మీ అక్క చెప్పింది. అడిగి చేస్తే నీకు మాట రాదని."

రానివ్వనన్న అక్కే పంపిందన్నమాట. పగిడయ్య చేత్తో మిషను వెనక్కి చూపాడు. పోతయ్య అటు పోయి వంగి ఊడ్వడం మొదలుపెట్టాడు. మూడు వేళ్లకు చీపురు సరిగ్గా నిలవడం లేదు. పొట్టు ముందుకు పోయి మళ్లీ అక్కడికే వస్తోంది.

సైరను మోగింది.

మోతగాళ్లు మొదటి కట్ట తెచ్చి విప్పారు. పగిడయ్య ఒక బొంగు ఎత్తాడు. పోయిన వారం మిషను వంతు అతనిది. ఈ వారం పోతయ్యది. సోమవారం పొద్దున, ఈ షెడ్డులో, ఈ బరువు చేతికి రాగానే ఇన్నేళ్లుగా చేసిన పనే అతని ఒళ్లు చేసింది. అతను కాదు, అతని ఒళ్లు చేసింది. బొంగు పట్టుకుని కుడిపక్కకు తిరిగాడు. ఎక్కేవాడు నిలబడే చోటు అది.

"నా వంతు అయింది, పట్టు," అన్నాడు.

అన్నాకే తెలిసింది ఏమన్నాడో. ఆ చోట ఎవరూ లేరు.

మిషను వెనక చీపురు చప్పుడు ఆగింది.

పోతయ్య నడుం ఎత్తాడు. పసుపు టోపీ వైపు కాదు, బొంగు వైపు చూశాడు. చీపురును నెమ్మదిగా గోడకు ఆనించాడు. అది జారి పడింది. తీయలేదు.

"బావా, వద్దు," అన్నాడు పగిడయ్య.

పోతయ్య వచ్చి తన చోట నిలబడ్డాడు. వేళ్లు లేని చేత్తో బొంగు రెండో కొస అందుకున్నాడు.

"పట్టిన," అన్నాడు. ఆ పొద్దున మొదటిసారి కోయలో, "వదులు బామ్మర్దీ," అన్నాడు.

షెడ్డు తలుపు దగ్గర బసవపున్నయ్య నిలబడి ఉన్నాడు. అతని వెనక మేనేజరు తెల్ల టోపీ కనిపిస్తోంది.

భద్రు చెయ్యి స్విచ్చి మీద ఉంది. ఎవరి మాట కోసం చూడాలో తెలియక ఇద్దరి ముఖాలూ చూస్తున్నాడు.

పగిడయ్య బొంగు వదల్లేదు. గుంజుకోనూ లేదు.